భీముని కొలను దగ్గర మోకాళ్లు జాగ్రత్త!

బంజారాహిల్స్ పక్కన కేబీఆర్ పార్కులో రోజూ రెండు రౌండ్లు అలవోకగా కొట్టేస్తున్నారా? ఆ ధీమాతో శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్దామనుకుంటున్నారా? మంచిదే. కానీ పార్కులో దారి సులువు. నల్లమలలో అలా కాదు... ఒక కొండ ఎక్కాలి, దిగాలి, ఎదురుగా ఉన్న ఇంకో కొండ మళ్లీ ఎక్కాలి!

నంద్యాల జిల్లా ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో మొదలయ్యే కాలిబాట నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరుతుంది. శ్రీశైలం వరకూ సుమారు 40 కిలోమీటర్లు. బస్సులు లేని కాలంలో యాత్రికులకు ఇదే రాజమార్గం. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించే కన్నడ భక్తులు ఉగాదికి ఇప్పటికీ నడిచే వస్తారు.

'జనం రాకముందే వెళ్తే హాయి కదా' అనుకునే వాళ్లుంటారు. చిక్కంతా అక్కడే. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అటవీశాఖ దారి తెరిచిన రోజుల్లోనే, పగటిపూటే నడవాలి. తెరిచిన తొలిరోజుల్లోనూ తిప్పలు తప్పవు. మాఘమాసానికి చెట్లు ఆకులు రాలుస్తాయి. తలమీద నీడ ఉండదు, కాలికింద రాయి కనపడదు. ఎండుటాకుల కింద మెట్టు ఉందో, గుంట ఉందో తెలియదు. వేలమంది నడిచాకే బాట తేరుకుంటుంది. అన్నదాన శిబిరాలు, మంచినీటి ట్యాంకర్లు కూడా జనంతోపాటే వస్తాయి. వాగులు అప్పటికే ఎండిపోతాయి కాబట్టి ముందు వెళ్లేవాళ్లు నీళ్లు మోసుకోవాల్సిందే. తెల్లవారుజామున వణికించే చలి, పదకొండు దాటితే మాడ్చే ఎండ.

అసలు పరీక్ష భీముని కొలను. లోయలోకి నిటారుగా మెట్లు. ఎక్కడంకన్నా దిగడమే కష్టం... బరువంతా మోకాళ్లమీదే పడుతుంది. మెట్లన్నీ ఒక ఎత్తులో ఉండవు, కొన్ని నున్నగా అరిగి జారుతాయి. చేతికర్ర ఇక్కడ పనికొచ్చినంతగా ఖరీదైన బూట్లు కూడా పనికిరావు. కొత్త బూట్లయితే ఇంట్లోనే వదిలెయ్యండి, నాగలూటి చేరేలోపే బొబ్బలు లేస్తాయి. లోయలోంచి మళ్లీ పైకెక్కితే కైలాసద్వారం. ఇక్కడ ఎక్కేది కాళ్లు అలిసిపోయాక! అందుకే చాలామంది పెచ్చెరువు దగ్గర రాత్రి ఆగి, పొద్దున్నే ఈ లోయ దాటేస్తారు.

అగ్గిపెట్టె మాత్రం తీసుకెళ్లొద్దు. ఎండుగడ్డిమీద ఒక్క బీడీముక్క పడినా అడవి అంటుకుంటుంది. అదే దారిలో వెనక వందలమంది వస్తుంటారు.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు 'మేమూ వస్తాం' అంటే? వాళ్లను దోర్నాల మీదుగా బస్సులో శ్రీశైలం పంపించండి. మర్నాడు కైలాసద్వారం దగ్గరికి ఎదురొచ్చి, మిగిలిన నాలుగడుగులూ మీతో కలిసి నడుస్తారు. వస్తూ వస్తూ ఓ మజ్జిగ సీసా తెమ్మనండి!