పెద్ద డిస్కుతో ప్రారంభము కాని కంప్యూటరు

ఇంటి కంప్యూటరునకు క్రొత్తగా 3 టెరాబైట్ల హార్డుడిస్కు నమర్చితిరి. మీట నొక్కగా నల్లని తెరపై చిన్న గీత మినుకుమినుకుమనుచున్నదే కాని విండోస్ రాదు. డిస్కు చెడినదని తొందరపడవలదు.

ముందుగా విద్యుత్తు నాపి, క్రొత్త డిస్కు తీగెలను ఊడదీసి, పాత డిస్కుతో నడిపి చూడుడు. నడచినచో యంత్రము క్షేమమే. పిమ్మట బయాస్‌లో ఏ డిస్కు నుండి ప్రారంభము కావలెనో ఆ వరుసను సరిచూడుడు. క్రొత్తది ముందునకు వచ్చియుండవచ్చును.

క్రొత్త డిస్కు నుండియే విండోస్ ప్రారంభము కావలెనన్న చిక్కు వేరు. 1983లో వచ్చిన ఎం.బి.ఆర్. పద్ధతి 512 బైట్ల గడులను 32 బిట్ల సంఖ్యతో లెక్కించును. ఆ లెక్క సుమారు 2.2 టెరాబైట్లతో ముగియును. జి.పి.టి. పద్ధతికి 64 బిట్లు కలవు. కాని దాని నుండి విండోస్ ప్రారంభమగుటకు బయాస్ చాలదు, యు.ఇ.ఎఫ్.ఐ. ఉండవలెను. అది లేని పాత యంత్రమున విండోస్‌ను చిన్న డిస్కుపైననే ఉంచి, పెద్దదానిని జి.పి.టి.గా మార్చి దాచుకొనుటకు మాత్రమే వాడుట మేలు.

ఒక్క హెచ్చరిక. డిస్కులో ఇదివరకే ఛాయాచిత్రములున్నచో, ఫార్మాట్ చేయుదునా యని యంత్రమడిగినను అంగీకరింపకుడు. వేరొక కంప్యూటరునకు తగిలించి ముందు నకలు తీయుడు. పోయిన పెండ్లి చిత్రములు మరల రావు.