భయపడే పిల్లలూ, రంగులరాట్నాలూ

వేసవి సెలవులు వచ్చాయంటే యలహంకలోని మన తెలుగు ఇండ్లకు చుట్టాల రాక మొదలవుతుంది. ధర్మవరం నుండి, హిందూపురం నుండి రైలెక్కినవారికి బెంగుళూరు కంటె ముందు తగిలేది మన స్టేషనే గదా! వచ్చినవారి పిల్లలూ, మన పిల్లలూ కలిసి రెండోనాటికల్లా ఒకటే పాట అందుకుంటారు: ఎక్కడికైనా తీసుకొని పొమ్మని. పెద్దలు కూర్చుని లెక్కలు వేస్తారు. బండి బాడుగ యెంత, టిక్కెట్లు యెన్ని, పులిహోర యెవరు కలపాలి, ఇవన్నీ తేలుతాయి. తేలనిది ఒక్కటే. ఆ ఐదారుగురు పిల్లలలో ఒకరు తప్పకుండా భయస్థులై వుంటారు. ఆ బిడ్డను ఏ ఆటలో యెక్కించాలి, దేనికి దూరంగా వుంచాలి అన్న సంగతి ఎవరి లెక్కలోకీ రాదు. మేము యీ నెల ఆ విషయమే చదువరుల ముందు పెట్టదలచాము.

ముందుగా ఒక మాట. భయపడే బిడ్డ పిరికిబిడ్డ కాదు. మూడు నుండి ఆరేళ్ళ వయసులో ఊహ బాగా పెరుగుతుంది. ఏది నిజం, ఏది వేషం అని విడదీసే తెలివి ఇంకా కుదురుకోదు. పెద్ద తల తగిలించుకొని షేక్‌హాండ్ ఇవ్వబోయే ఎలుగుబంటి లోపల ఒక మనిషి వున్నాడని మనకు తెలుసు. వాడికి తెలియదు. వాడి కంటికి అది ఎలుగుబంటే. అందుచేత వాడు ఏడ్చాడంటే వాడి లెక్కలో వాడు సబబుగానే నడుచుకున్నాడన్నమాట.

పిల్లల భయాలన్నీ ఒకే జాతివి కావు. ఒకరికి శబ్దమంటే భయం, ఒకరికి చీకటి అంటే. కొందరికి ఎత్తు పడదు, కొందరికి గిర్రున తిరగడం పడదు. కడుపులో ఏదో జారిపోయినట్లుండే ఆ క్షణమే కొందరికి హడలు. ఇంకా కొందరికి ఆట సంగతి అటుంచి, నడుముకు అడ్డంగా ఇనుప కడ్డీ బిగించడమే గుండె ఆగినంత పని. తమ బిడ్డ వీటిలో దేనికి బెదురుతాడో తల్లికి తెలిసే వుంటుంది. మిక్సీ తిరిగితే చెవులు మూసుకొనే బిడ్డ ఎత్తైన జారుడుబల్ల మీద నిర్భయంగా కూర్చోవచ్చు. మేడమెట్లు దిగడానికి భయపడే పిల్ల చీకటి గదిలో హాయిగా ఆడుకోవచ్చు. కాబట్టి మనం అడుగవలసిన ప్రశ్న ‘మావాడికి ధైర్యం వుందా?’ అని కాదు, ‘మావాడికి దేనివల్ల భయం?’ అని.

మన ఊరివారికి ఇది బోధపరచడం సులభం. 1996లో మొదలైన ఏరో ఇండియా విమాన ప్రదర్శన రెండేళ్ళకొకసారి మన యలహంక వైమానిక స్థావరంలోనే జరుగుతూ వస్తున్నది. ఆ రోజులలో ఆకాశం బద్దలైనట్లు శబ్దం. మా వీధిలోనే చూశాము: తండ్రి భుజం మీద కూర్చుని మిద్దెపై నుండి చూసిన పిల్లవాడు శబ్దానికి గుక్కపట్టి ఏడ్చాడు. అదే పిల్లవాడు మరునాడు ఇంట్లో, కిటికీ మూసి, అవ్వ ఒడిలో మురుకు తింటూ అవే విమానాలను వేలు చూపి లెక్కపెట్టాడు. విమానం మారలేదు, పిల్లవాడూ మారలేదు. శబ్దం తగ్గింది, చేతిలోకి మురుకు వచ్చింది, అంతే.

ఇది అవ్వల తెలివి మాత్రమే అనుకోకండి. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు ఇదే పద్ధతిని పరీక్షించి ప్రకటించింది. పీటర్ అనే, మూడేళ్ళు నిండని బాలుడికి కుందేలంటే విపరీతమైన భయం. వాడు ఇష్టమైన తిండి తింటున్నప్పుడు పంజరంలోని కుందేలును దూరంగా వుంచేవారు. వాడు కలవరపడనంత మేరకే కొద్ది కొద్దిగా దగ్గరకు జరిపేవారు. కుందేలంటే భయంలేని ఇతర పిల్లలను కూడా వాడితో కలిపి ఆడనిచ్చేవారు. చివరకు పీటర్ ఆ కుందేలును చేత్తో నిమిరాడు. అయితే మధ్యలో ఒకటి జరిగింది. వాడు జబ్బుపడి ఆసుపత్రిలో వుండి తిరిగి వచ్చేటప్పుడు ఒక పెద్ద కుక్క మీదికి వచ్చి బెదరగొట్టింది. దాంతో అంతవరకు వచ్చిన ధైర్యం చాలావరకు పోయి, పని మళ్ళీ మొదటినుండి ఆరంభించవలసి వచ్చింది. తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసిన ముక్క ఇదే. ధైర్యం అణా అణాగా కూడుతుంది. ఖర్చు మాత్రం ఒక్క దెబ్బకు అయిపోతుంది.

ఇక ఆటల సంగతి. 1893లో చికాగో ప్రదర్శనలో జార్జి ఫెర్రిస్ అనే ఇంజనీరు నిలబెట్టిన చక్రం 264 అడుగుల ఎత్తు. 36 పెట్టెలు, ఒక్కొక్కదానిలో 60 మంది. మనం జెయింట్ వీల్ అనేది దాని సంతతే. మన దేశంలో ఢిల్లీలో 1984లో అప్పూ ఘర్ వెలసి 2008 వరకు నడిచింది. హైదరాబాదు నాంపల్లి నుమాయిష్ 1938లో ఆరంభమైంది. అక్కడి చక్రాలు ఎక్కని హైదరాబాదీ అరుదు. మన బెంగుళూరుకు మైసూరు రోడ్డులో, బిడదికి దగ్గరలో వండర్‌లా 2005లో వచ్చింది. రైలు చక్రాల కర్మాగారం వున్న యలహంకవారికి చక్రాలు కొత్తగావు గాని, మనిషిని కూర్చోబెట్టుకొని తిరిగే చక్రం సంగతి వేరు.

పెద్ద పార్కులలో ప్రతి ఆట దగ్గరా ఎత్తు కొలిచే గీత వుంటుంది. చాలామంది దానిని ధైర్యపు గీతగా భావిస్తారు. ‘గీత దాటాడు, ఇక ఎక్కవచ్చు’ అంటారు. ఆ గీత వున్నది బిగించే కడ్డీ బిడ్డ శరీరానికి సరిపోతుందా లేదా అని చూడడానికే. గీత దాటని బిడ్డను ఎక్కించకూడదు, బతిమాలినా సరే. గీత దాటిన బిడ్డను ఎక్కించి తీరాలని మాత్రం ఏ గీతా చెప్పదు. వయసుకు మించి పొడుగు పెరిగిన పిల్లలకు ఇందువల్లనే తిప్పలు వస్తాయి. ఎత్తు ఎనిమిదేళ్ళది, మనసు ఐదేళ్ళదే గదా!

భయస్థులకు మొదటి మెట్టు రంగులరాట్నమే. అందులోనూ ఒక కిటుకు వున్నది. లోపలి వరుస గుర్రమూ, వెలుపలి వరుస గుర్రమూ ఒకే సమయంలో ఒక చుట్టు తిరుగుతాయి. లోపలిదానికి దారి తక్కువ కాబట్టి దాని వేగమూ తక్కువ. కాబట్టి మొదటిసారి లోపలి వరుసలో, పైకీ కిందికీ ఆడని గుర్రం మీదనో, బల్ల వుంటే బల్ల మీదనో కూర్చోబెట్టాలి. పక్కన తల్లి నిలబడవచ్చునంటే నిలబడాలి.

రెండవ మెట్టు చిన్నరైలు. నేల మీదనే పోతుంది, ముందుకే పోతుంది, దారి కంటికి కనబడుతుంది. ఎక్కే ముందు సొరంగం వున్నదా అని విచారించండి. వుంటే బిడ్డకు ముందే చెప్పండి. చెప్పిన చీకటికి భయం సగమే.

కప్పు-సాసరు ఆట చూడడానికి ముద్దుగా వుంటుంది గాని మెత్తనిది కాదు. చెవి లోపలి భాగంలో సన్నని గొట్టాలూ, వాటిలో ద్రవమూ వుంటాయి. మన తూకం తెలిపేవి అవే. ఆట ఆగినా ఆ ద్రవం కొంతసేపు కదులుతూనే వుంటుంది. లోకం తిరుగుతున్నట్లు తోచేది అందుకే. భోజనం చేసిన వెంటనే యీ ఆట వద్దు. మధ్యనున్న చక్రం చేతితో తిప్పేదైతే మేనమామలు తమ బలం చూపకుండా వుంటే మేలు.

జెయింట్ వీల్‌లో బిడ్డకు కష్టం తిరిగేటప్పుడు కాదు, ఆగినప్పుడు. కిందివారిని దించి, ఎక్కించేదాకా మన తొట్టి పైన వేలాడుతుంది. ఆ రెండు నిముషాలు వాడికి రెండు గంటలు. ఇది చెప్పి ఎక్కించాలి. కొలంబస్ అని పిలిచే ఊగే ఓడలో రెండు కొసలూ ఎక్కువ ఎత్తుకు పోతాయి, మధ్య బల్ల తక్కువ ఊగుతుంది. పెద్దపిల్లలు కొసలకు పరుగెడతారు. వారి వెంట చిన్నవారిని పంపరాదు. రోలర్ కోస్టర్ వంటివి భయస్థుల కొరకు కానే కావు. అవి చూచి చప్పట్లు కొట్టడమూ ఒక వినోదమే.

నీటి ఆటలలో అలల కొలను పేరు పొందింది. అలలు వదిలే ముందు సైరన్ మోగుతుంది. నీటికి భయపడని బిడ్డ ఆ కూతకు బెదరవచ్చు. ఒకసారి గట్టుమీద కూర్చుని కూత, అల, మళ్ళీ నెమ్మది, ఇంతా చూపించి తరువాత పాదాలు మాత్రం తడపండి. దయ్యాల కొంపకు మాత్రం ఎంత చెప్పినా తీసుకొని పోవద్దు. దాని ఉద్యోగమే బెదరించడం.

ఇప్పుడు అసలైన చిక్కు: డబ్బు. లోపలికి పోయేటప్పుడే అన్ని ఆటలకూ కలిపి టిక్కెట్టు తీసుకొనే పద్ధతి వున్నచోట, మా వంటి నెలజీతపువారికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ‘ఇంత పోశాము, అన్నీ ఎక్కాలి’ అని. ఆఫీసు పద్దులలో ఖర్చు రాసి రాసి మాకు యీ జబ్బు గుణం బాగా తెలుసు. కాని ఒక్క ఆలోచన చేయండి. టిక్కెట్టు డబ్బు గేటు దగ్గరే ఖర్చైపోయింది. బిడ్డ ఏడ్చినా తిరిగి రాదు, నవ్వినా తిరిగి రాదు. మిగిలివున్నది ఆ రోజు మాత్రమే. మూడు ఆటలు మూడుసార్లు చొప్పున ఆడి నవ్వుతూ వచ్చిన బిడ్డ, ఇరవై ఆటలకు ఈడ్వబడి ఏడుస్తూ వచ్చిన బిడ్డకంటె మనకు ఎక్కువ గిట్టుబాటు.

మాటల విషయంలో కూడా జాగ్రత్త కావాలి. ‘మగపిల్లవాడివి కాదూ?’, ‘చూడు, నీకంటె చిన్నది, చెల్లెలు ఎక్కింది!’, ‘ఏడిస్తే ఇక్కడే వదిలిపెట్టి పోతాము’ అనేవి మన ఇండ్లలో ప్రేమతో వాడే మాటలే. కాని వాటివల్ల భయం పోదు, భయానికి సిగ్గు తోడవుతుంది. అటుపై బిడ్డ భయపడినప్పుడు మనకు చెప్పడం మానేస్తాడు. రేపు బడిలో ఎవడో కొట్టినా, దారిలో ఎవడో బెదరించినా చెప్పడు. ఇంతకంటె నష్టం వుంటుందా? మోసం చేసి ఎక్కించడమూ అంతే. ‘ఇది కదలదు నాయనా’ అని చెప్పి ఎక్కించి, అది కదిలిన మరుక్షణం కూలేది వాడికి మనమీది నమ్మకం. పైగా బెదిరిన బిడ్డ నడిమధ్యలో కడ్డీ తప్పించుకొని దిగజూస్తే ప్రమాదం. ఏడుస్తున్న బిడ్డను ఎక్కించరాదన్నది కేవలం దయ కాదు, క్షేమం కూడా.

దానికి బదులు ఇలా చేయవచ్చు. ముందు వరుసకు దూరంగా నిలబడి ఆట మొత్తం ఒకసారి చూపించాలి. ఎక్కినవారు నవ్వుతూ దిగడం చూపించాలి. ‘ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు’ అనాలి. లెక్క తెలిసిన భయానికి అంతం కూడా తెలుస్తుంది. ‘ఎక్కుతావా?’ అని ఒకసారి అడిగి, వద్దంటే సరే అనాలి. తిరిగి వాడే అడిగితే వెంటనే తీసుకొని పోవాలి. జట్టులో ఒక పెద్దవారు భయస్థుల పక్కనే వుండేటట్లు ముందే నిర్ణయించుకుంటే తక్కిన పిల్లల ఆట చెడదు, వీడు ఒంటరీ కాడు.

జాతరలలోనూ, తాత్కాలిక ప్రదర్శనలలోనూ రాట్నం ఎక్కించే ముందు మన కండ్లకు కూడా పని చెప్పాలి. 2019 జూలైలో అహమ్మదాబాదు కాంకరియా దగ్గర ఊగే ఆట విరిగి ప్రాణనష్టం జరిగింది. 2022 సెప్టెంబరులో మొహాలీ ప్రదర్శనలో ఎత్తునుండి దిగే ఆట ఒక్కసారిగా కూలి పలువురు గాయపడ్డారు. కడ్డీకి గొళ్ళెం సరిగా పడుతున్నదా, తొట్టిలో పరిమితికి మించి ఎక్కిస్తున్నారా, ఇనుము తుప్పు పట్టిందా, నడిపేవాడు ఆటమీద దృష్టి పెట్టాడా అని చూడండి. వీటిలో ఒక్కటి నచ్చకపోయినా బొరుగులు కొనిపెట్టి వెనక్కు రండి. పిల్లవాడి భయం ఒక్కొక్కప్పుడు మనకంటె తెలివైనది.

మన యలహంకవారికి వరుస ఇలా వుండవచ్చు. మొదట మన వీధి పార్కులోని ఉయ్యాల, జారుడుబల్ల. తరువాత కబ్బన్ పార్కు బాలభవనం. అక్కడ పుటాణి ఎక్స్‌ప్రెస్ అనే చిన్నరైలు ఎన్నో ఏండ్లు పిల్లలను తిప్పింది. వెళ్ళే ముందు ఆనాడు నడుస్తున్నదో లేదో కనుక్కోండి. కన్నడంలో పుటాణి అంటే చిన్నారి. మన పుట్నాలు వేరు, అయినా పొట్లం కట్టుకొని పోతే పనికివస్తాయి! ఆ తరువాతనే బిడది. నగరానికి మనం ఉత్తరాన, అది నైరుతిన. ఊరంతా దాటి పోవాలి. ప్రయాణంతో అలసిన బిడ్డకు భయం రెట్టింపు. కాబట్టి తెల్లవారగానే బయలుదేరి, చేరగానే కొంచెం తినిపించి, చిన్న ఆటలతో మొదలుపెట్టాలి. మధ్యాహ్నం బిడ్డ మొగం వాడితే ఇంటిదారి పట్టాలి.

పిల్లలు పెద్దవుతారు. ఈనాడు గుర్రపు బొమ్మను చూసి ఏడ్చినవాడే పదేండ్ల తరువాత మనలను రోలర్ కోస్టర్‌కు ఈడ్చుకొని పోవచ్చు. అప్పుడు మనం ‘వద్దు నాయనా, నాకు తల తిరుగుతుంది’ అంటే, వాడు నవ్వకుండా మన చేయి పట్టుకొని పక్కన నిలబడాలంటే, ఈనాడు మనం వాడి చేయి అలాగే పట్టుకొని నిలబడాలి.