తెర ముందు తెరచిన బడి

ఢిల్లీ మహానగరానికి ఉత్తర భాగంలో, విశ్వవిద్యాలయానికి చేరువలో, ముఖర్జీ నగర్ అనే పేట ఉన్నది. సివిల్ సర్వీసు పరీక్షలకు తరిఫీదు పొందగోరి పల్లెల నుండి, చిన్న పట్టణాల నుండి తరలివచ్చే వేలాది యువతీయువకులకు అది తీర్థస్థలం వంటిది. ఇరుకైన అద్దెగదులలో వారు రాత్రింబవళ్లు చరిత్రను వల్లె వేస్తారు. పరీక్షకు అది అవసరమే. అయితే పాఠ్యగ్రంథాలకెక్కని మనుష్యుల చరిత్రను ఎవరు చెప్పాలి? ఎవరికి చెప్పాలి? ఈ ప్రశ్నను నాలుగు దశాబ్దాలకు పైగా కెమెరాతో వెంబడించిన తెలుగునాటి బిడ్డ ఒకరున్నారు. ఆమె దీపా ధన్‌రాజ్.

హైదరాబాద్‌లో జన్మించిన దీప 1980లో బెంగుళూరులో అభా భైయా, మీరా రావు, నవ్‌రోజ్ కాంట్రాక్టర్‌లతో కలసి ‘యుగాంతర్’ అనే చిత్రబృందాన్ని స్థాపించారు. ఆ రోజులలో డాక్యుమెంటరీ అనగానే ప్రేక్షకునికి స్ఫురించేది 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ చిత్రమే. సినిమాహాలులో అసలు చిత్రానికి ముందు దానిని విధిగా ప్రదర్శించేవారు. తెరపై రైతు కనిపించేవాడు. మాట మాత్రం వ్యాఖ్యాతది.

యుగాంతర్ ఈ పద్ధతిని తలక్రిందులు చేసింది. ముందుగా స్త్రీల మధ్య కూర్చుండి వారి మాట వినడం, ఏది చూపాలో వారితో కలసి నిర్ణయించడం, అటుపిమ్మటనే కెమెరాను తెరవడం వారి విధానం. పూణేలో ఇళ్లలో పనిచేసే స్త్రీలు సంఘటితమైన వృత్తాంతం 1981లో ‘మోల్‌కరీణ్’గా వెలువడింది. కర్ణాటక సరిహద్దు పట్టణమైన నిపాణిలోని పొగాకు కార్మికురాండ్ర పోరాటం మరుసటి ఏడు చిత్రమైంది. 1983లో హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటనతో కలసి తెలుగులో ‘ఇది కథ మాత్రమేనా’ నిర్మించారు. నాలుగు గోడల నడుమ స్త్రీ అనుభవించే హింస దాని ఇతివృత్తం. అది కల్పిత కథయే. కాని ఆ కథకు ఆధారం సంఘంలోని స్త్రీలు పరస్పరం చెప్పుకొన్న అనుభవాలు.

ఈ చిత్రాలు తెరపై ముగిసిన తరువాతనే అసలు పని ప్రారంభమయ్యేది. మహిళాసంఘాల సమావేశాలలో, కార్మికుల కూటములలో వీటిని ప్రదర్శించి చర్చ జరిపేవారు. తనవంటి స్త్రీ తెరపై నోరు విప్పి మాట్లాడగా చూచిన స్త్రీకి, తన కష్టం తన నొసటి వ్రాత కాదన్న స్పృహ కలుగుతుంది. అక్షరం రాని వారికి సైతం తెర ఒక పాఠశాల కాగలదని ఆ చర్చలు నిరూపించాయి.

1984లో హైదరాబాద్ పాతబస్తీ మతకలహాలతో అట్టుడికింది. ఆ విషాదాన్నీ, దాని వెనుకనున్న రాజకీయాన్నీ దీప 1986లో ‘క్యా హువా ఇస్ షహర్ కో?’ అనే చిత్రంలో పొందుపరచారు. 1991లో కుటుంబ నియంత్రణ కార్యక్రమం స్త్రీల దేహాలపై సాగించిన నిర్బంధాన్ని ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ ద్వారా ప్రశ్నించారు.

ఆమె కృషిలో అంతగా ప్రచారం పొందని పార్శ్వం మరొకటి ఉన్నది. అది విద్యారంగం. పల్లెటూరి ప్రభుత్వ పాఠశాలలో ఒకే ఉపాధ్యాయుడు ఒకే గదిలో రెండు మూడు తరగతుల పిల్లలకు చదువు చెప్పవలసి వస్తుంది. ఆ పిల్లలలో చాలమంది తమ వంశంలో మొట్టమొదట పలక పట్టినవారు. ఇంట అడిగి తెలుసుకొనుటకు చదివినవారుండరు. బడిలో వినిపించే భాష ఇంటి భాష కాదు. పాఠం తనకోసం కాదేమోనన్న శంక ఒకసారి కలిగితే ఆ పిల్లవాడు మెల్లగా బడికి దూరమవుతాడు. ఇటువంటి తరగతులను నడిపే ఉపాధ్యాయుల శిక్షణ కొరకు దీప అనేక వీడియో చిత్రాలు రూపొందించారు. ఎంతటి ఉపన్యాసమైనా చెప్పలేని దానిని దృశ్యం చెప్పగలదు. ఒక జట్టు తనంతట తాను లెక్కలు చేసుకొంటుండగా, ఉపాధ్యాయుడు మరొక జట్టు చెంత ఎట్లు కూర్చుంటాడో కన్నులారా చూచినపుడే సాటి ఉపాధ్యాయునికి ధైర్యం కలుగుతుంది.

చదువుకొని పైకి వచ్చినవారికైనా గౌరవం లభిస్తున్నదా? 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకొన్నాడు. దేశమంతటా విద్యార్థులు కదిలారు. 2018లో దీప ఆ ఉద్యమాన్ని చిత్రంగా మలచారు. ‘మేము ఇక్కడికి చావడానికి రాలేదు’ అన్న అర్థం గల ఆంగ్లనామం దానిది. పల్లెబడిలో తొలి పలక పట్టిన పసివానికీ, విశ్వవిద్యాలయపు మెట్లెక్కిన యువకునికీ మధ్యనున్న దూరాన్ని ఆమె చిత్రాలు ఈ విధంగా ఒకే ప్రశ్నతో కలుపుతున్నాయి: ఈ చోటు నాది కూడానా?

నేడు దాదాపు ప్రతి యువకుని చేతిలోనూ కెమెరా గల ఫోను ఉన్నది. పరికరం సులభమైంది, వినే ఓర్పు మాత్రం సులభం కాలేదు. యువతకు చిత్రకళ నేర్పదలచిన ఉపాధ్యాయులు దీప బాటలో ఒక చిన్న అభ్యాసంతో ఆరంభించవచ్చును. ఏదేని ఒక డాక్యుమెంటరీ చూపించి మూడు ప్రశ్నలడగండి. ఇందులో మాట్లాడినదెవరు? మౌనంగా ఉన్నదెవరు? ఆ మౌనంగా ఉన్నవారి ఇంటికి పోయి మనం కూర్చుంటే ఏమి చెబుతారు? మూడవ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ విద్యార్థి గడప దాటిననాడు, అతని చేతిలోని కెమెరాకు పని దొరికినట్లే.