మీకు తెలుసా? సాగరం అడుగున సింగారం

1970 జులైలో అమెరికాకు చెందిన వర్జిన్ ఐలాండ్స్ తీరంలో, సుమారు 15 మీటర్ల లోతున అమర్చిన టెక్‌టైట్ అనే ఆవాసంలో అయిదుగురు మహిళలు రెండు వారాలు కాపురమున్నారు. వాళ్ల నాయకురాలు సముద్ర జీవశాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్. రోజూ గంటల తరబడి నీళ్లలో తిరిగి చేపల్నీ సముద్రపు నాచునూ పరిశీలించిన ఆ బృందాన్ని విలేకరులు లిప్‌స్టిక్ గురించీ, హెయిర్ డ్రయ్యర్ గురించీ అడిగారు. జుట్టు గురించి అడగడంలో తప్పు లేదు. కాకపోతే సిలిండర్‌లోని గాలి పీలుస్తూ మునిగే స్కూబా డైవింగ్‌లో జుట్టూ గోళ్లూ అందం పద్దులోకి రావు, భద్రత పద్దులోకి వస్తాయి. ఎలాగో చూడండి.

నాలుగు వెంట్రుకలు చాలు
మాస్క్ చుట్టూ మెత్తటి సిలికాన్ అంచు ఉంటుంది. అది చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు లోపలికి రావు. దాని కింద నాలుగు ముంగురులు ఇరుక్కున్నా సరే, వాటి వెంట నీరు సన్నగా దిగుతూనే ఉంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు దిగేముందు నుదుటి మీదా, కణతల దగ్గరా అంచు వెంట వేలు పోనిచ్చి వెంట్రుకల్ని బయటికి లాగేస్తారు. జడ మెడ దగ్గర నుంచి కిందికి అల్లుకోవడం మేలు. తల వెనక ఎత్తుగా ముడి పెడితే మాస్క్ పట్టీ సరిగ్గా కూర్చోదు. జుట్టు విరబోసుకుంటే వీపు మీది సిలిండర్ వాల్వ్‌కు చుట్టుకోవచ్చు. పట్టీ తీసేటప్పుడు జుట్టు ఊడివస్తోందా? పట్టీకి తొడిగే మెత్తటి కవర్లు దొరుకుతాయి.

కొబ్బరినూనె మంచిదే, కానీ...
కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెల్ని పోల్చి చూసిన ఓ పరిశోధన 2003లో వెలువడింది. వెంట్రుకలోంచి ప్రొటీన్ పోకుండా చెప్పుకోదగ్గంతగా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటేనని అందులో తేలింది. ఆ నూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొరబడగలదు. లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండే సముద్రంలోకి దిగేముందు జడ కొసలకు కాస్త నూనె రాసుకోవచ్చు. నుదుటికి మాత్రం వద్దు, మాస్క్ జారుతుంది. జిడ్డు చేతులతో సిలిండర్ వాల్వ్‌నూ, గాలి పీల్చుకునే రెగ్యులేటర్‌నూ ముట్టుకోకండి. ఆక్సిజన్ పాలు ఎక్కువగా ఉన్నచోట నూనె, గ్రీజు నిప్పుకు కారణం కావచ్చు.

ఎర్ర నెయిల్ పాలిష్ నల్లబడుతుంది
నీరు అన్ని రంగులకన్నా ముందు ఎరుపును మింగేస్తుంది. పది మీటర్లు దాటేసరికి మీ ఎర్ర నెయిల్ పాలిష్ నల్లగానో, గోధుమ రంగులోనో కనిపిస్తుంది. ఇంకా లోతున వేలు తెగితే కారే రక్తం ఆకుపచ్చగా ఉందనిపిస్తుంది. టార్చి వేసి చూస్తే మళ్లీ ఎరుపే.

మసక పోగొట్టే ఆకు
దక్షిణ కొరియా జెజు దీవిలో సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి మునిగి, నత్తలూ నాచూ ఏరే మహిళలు ఉన్నారు. పేరు హేన్యో. వాళ్ల సంప్రదాయానికి 2016లో యునెస్కో వారసత్వ జాబితాలో చోటు దక్కింది. మాస్క్ అద్దానికి ఆవిరి పట్టకుండా వాళ్లు మాచిపత్రి జాతి ఆకును నలిపి రుద్దుతారు. స్కూబా డైవర్లు ఉమ్మి గానీ, నీళ్లు కలిపిన బేబీ షాంపూ గానీ పూస్తారు. ముఖానికి క్రీము పూసుకుని మాస్క్ పెట్టుకుంటే ఆ జిడ్డు అద్దానికి అంటుకుని చూపు మసకబారుతుంది. కాటుక, మస్కారా కరిగితే కళ్లు మండుతాయి.

ముక్కుపుడక తీసెయ్యాలా?
లోతుకు దిగుతున్నకొద్దీ పెరిగే నీటి ఒత్తిడికి చెవులు దిబ్బడ వేస్తాయి. మాస్క్ పైనుంచే ముక్కు నొక్కిపట్టి మెల్లగా గాలి ఊది, లోపలి ఒత్తిడిని బయటిదానితో సమం చేసుకోవాలి. ఒక్క డైవ్‌లో ఇలా ఎన్నోసార్లు చెయ్యాలి. నొక్కిన ప్రతిసారీ పుడక గుచ్చుకుంటుంది కాబట్టి తీసేస్తేనే హాయి. జూకాలు పట్టీకీ, గొలుసులు గొట్టాలకూ తగులుకుంటాయి. చల్లటి నీళ్లలో వేళ్లు కాస్త సన్నబడతాయి, ఉంగరం జారిపోతే దొరకడం కల్ల.

గోరు గుచ్చుకుంటే సూటు చిరుగు
వెట్‌సూట్‌కు వాడే నియోప్రీన్ రబ్బరు నిండా సన్నటి గాలి బుడగలుంటాయి. వెచ్చదనం వాటి చలవే. బిగుతైన సూటును గోళ్లతో పట్టి లాగితే నెలవంక ఆకారంలో చిరుగులు పడతాయి. వేళ్ల కొసల మెత్తటి భాగంతో కొద్దికొద్దిగా పైకి జరుపుకోవాలి. పార్లర్లో వ్యాక్సింగ్ చేయించుకుని వెంటనే డైవ్‌కు వెళ్లారో, ఉప్పునీళ్లకు ఒళ్లంతా భగ్గుమంటుంది. కనీసం ఒకటి రెండు రోజులు వ్యవధి ఇవ్వండి.

నెలసరి, సొరచేపలు
నెలసరి సమయంలో నీళ్లలోకి దిగితే సొరచేపలు వెంటపడతాయన్నది వట్టి భయం. అందుకు ఆధారాలేమీ లేవు. శానిటరీ ప్యాడ్ మాత్రం నీళ్లకు ఉబ్బిపోయి ఎందుకూ కొరగాకుండా పోతుంది. టాంపన్ గానీ, మెన్‌స్ట్రువల్ కప్ గానీ వాడాలి. లోతులో ఒత్తిడికి కప్ ఏమైపోతుందోనన్న బెంగ అక్కర్లేదు, ఒత్తిడికి కుంచించుకుపోయేది గాలే తప్ప ద్రవం కాదు. కడుపునొప్పి, నీరసం ఎక్కువగా ఉంటే ఆ రోజుకు మానుకోండి. గర్భిణులు మాత్రం స్కూబా జోలికే వెళ్లకూడదని వైద్యులు చెబుతారు.

మంచినీళ్లు మానేస్తే ముప్పు
మరుగుదొడ్డి లేని బస్సెక్కేముందు మన ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. విశాఖ ఋషికొండలో డైవింగ్ నేర్చుకునేవాళ్లకైనా, అండమాన్ స్వరాజ్ ద్వీప్‌కు వెళ్లేవాళ్లకైనా ఎక్కే పడవ చిన్నదైతే ఇదే ఇబ్బంది. కానీ డైవింగ్‌లో ఈ అలవాటు పనికిరాదు. మెడదాకా నీళ్లలో ఉన్నప్పుడు కాళ్లూ చేతుల్లోని రక్తం ఛాతీ వైపు మళ్లుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు ఇంకా మూత్రాన్ని తయారుచేస్తాయి. తాగకపోయినా మూత్రం ఆగదు, ఒంట్లో నీరు మాత్రం తరిగిపోతుంది. దానివల్ల, పైకొచ్చేటప్పుడు రక్తంలో నైట్రోజన్ బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బు ముప్పు పెరుగుతుందని నిపుణులు హెచ్చరిస్తారు. వెట్‌సూట్‌లోనే మూత్రం పోసుకోవడం డైవర్లలో మామూలే, సిగ్గుపడాల్సిన పని లేదు. తర్వాత సూటును మంచినీళ్లతో బాగా కడిగితే సరి. నీరు చొరబడని డ్రై సూట్‌లో ఆ వీలు లేదు. అందులో మగవాళ్లకు బయటికి వదిలే గొట్టం ఏర్పాటు ముందే వచ్చింది. ఆడవాళ్లు చాలాకాలం డైపర్లతో సరిపెట్టుకున్నారు, వాళ్లకు తగిన పరికరాలు ఆలస్యంగా వచ్చాయి.

సన్‌స్క్రీన్‌కూ చట్టం
పగడపు దిబ్బలకు హాని చేస్తాయని ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌లను పలావు దేశం 2020లో నిషేధించింది. అమెరికాలోని హవాయి రాష్ట్రం వాటి అమ్మకాన్ని 2021 నుంచి ఆపింది. కొనేముందు డబ్బా మీద ఈ పేర్లున్నాయేమో చూడండి. పొడుగు చేతుల ఈత చొక్కా (రాష్‌గార్డ్) వేసుకుంటే పూసుకునే అవసరమే సగం తగ్గుతుంది.

వేడినీళ్లు కాసేపయ్యాక
చలికి వణుకుతూ పైకి రాగానే మనసు వేడినీళ్ల మీదికే పోతుంది. ద్రవం వేడెక్కితే అందులో కరిగిన వాయువు బయటికొస్తుంది. డైవ్ అయిన వెంటనే బాగా వేడి నీళ్లు పోసుకుంటే ఒంట్లో మిగిలిన నైట్రోజన్ బుడగలు కట్టే అవకాశం ఉంది. గట్టిగా మర్దన చేయించుకుంటే మరో చిక్కు, తర్వాత కీళ్లు నొప్పెడితే అది మర్దన వల్లో, డీకంప్రెషన్ వల్లో తేల్చుకోవడం కష్టం. కాబట్టి పడవ దిగాక మామూలు నీళ్లతో ఉప్పు వదిలించుకుని, పొడి బట్టలు కట్టుకుని, తలంటు సాయంత్రానికి పెట్టుకోండి.