రుచి
రుచి అనగా ఆహారంలోని పదార్థాలు లాలాజలంలో కరిగి, నోటిలోని రుచి మొగ్గలను తాకినప్పుడు కలిగే జ్ఞానము. నాలుక దీనికి ముఖ్యస్థానం.

రుచి మొగ్గలు

ఇవి నాలుకపై గల కొన్ని రకాల బొడిపెలలో ఉంటాయి. ఒక్కొక్క మొగ్గలో 50 నుండి 100 వరకు కణాలుంటాయి. ఈ కణాలు సగటున 10 రోజులకు నశించి, కొత్తవి ఏర్పడతాయి. నాలుక కొన తీపిని, వెనుక భాగం చేదును మాత్రమే గుర్తిస్తాయని చూపే పటం సరికాదు. మొగ్గలున్న ప్రతిచోటా అన్ని రుచులూ తెలుస్తాయి.

మెదడుకు చేరే మార్గం

7, 9, 10వ కపాల నాడులు రుచి సంకేతాలను మజ్జాముఖానికి చేరుస్తాయి. అక్కడినుండి అవి థాలమస్ ద్వారా మస్తిష్క వల్కలాన్ని చేరినప్పుడు రుచి తెలుస్తుంది. దీనికి వాసన తోడవుతుంది. జలుబు చేసినప్పుడు ఆహారం చప్పగా అనిపించడానికి కారణమిదే.

షడ్రుచులు

ఉగాది పచ్చడిలోని ఆరు రుచులలో తీపి, పులుపు, ఉప్పు, చేదులను రుచి మొగ్గలు గుర్తిస్తాయి. కారం నిజానికి మంట. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని, నొప్పిని తెలిపే నాడుల కొనలను ప్రేరేపిస్తుంది. అందుకే మిరపకాయ కోసిన చేయి తగిలితే కన్ను కూడా మండుతుంది. వగరు ప్రధానంగా స్పర్శ. పిందెలలోని టానిన్లు లాలాజలంలోని మాంసకృత్తులతో కలిసి నోటి జారుదనాన్ని తగ్గిస్తాయి. ఈ ఆరింటిలో లేని ఉమామి అనే రుచిని 1908లో జపాను శాస్త్రవేత్త కికునే ఇకెడా గుర్తించాడు. గ్లుటమేట్ దీనికి మూలం.