దసరా సెలవుల తర్వాత ఎంతమంది తిరిగొచ్చారు?

ప్రతి వార్షికోత్సవ సంచికలో ఒక పేజీ తప్పకుండా ఉంటుంది. పైన పెద్ద అక్షరాలతో "ఈ ఏడాది సాధించిన విజయాలు" అని, కింద పదో తరగతి ఫలితాల శాతం, కబడ్డీలో ఖోఖోలో వచ్చిన కప్పులు, పెద్దల చేతుల మీదుగా ప్రశంసాపత్రం అందుకుంటున్న ఫోటో. హాస్టల్లో ఉన్న రోజుల్లో మేము ఆ పేజీని ముందుగా తీసి, ఫోటోలో మన వాళ్లెవరున్నారో వెతుక్కునేవాళ్లం. ఇప్పుడు పీజీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో మొదటి డిగ్రీ పట్టా మాదే. ఈ వయసులో అదే పేజీని చూస్తే ఒక సందేహం వస్తోంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు ఒక ఏడాది గడవడం అంటే నిజంగా ఏం జరగడం? అందులో మన హాస్టల్ చేసే పని ఎంత? తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సంగతి వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. గురుకులంలో బడి, బస, భోజనం అన్నీ ఒకే ఆవరణలో, ఒకే సొసైటీ కింద ఉంటాయి. మనది అలా కాదు. మన బడి విద్యాశాఖది, మన హాస్టల్ షెడ్యూల్డ్ కులాల అభివృద్ధి శాఖది. ఉదయం టిఫిన్ తిని బయలుదేరి బడికి పోతాం, మధ్యాహ్న భోజనం బడిలో, సాయంత్రం మళ్లీ హాస్టల్ గేటు లోపలికి. హెడ్మాస్టరు గారి రిజిస్టర్‌లో ఒక హాజరు, వార్డెన్ గారి రిజిస్టర్‌లో ఇంకొక హాజరు. గురుకులాల గురించి లోకానికి బాగానే తెలుసు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. అది మనందరికీ గర్వకారణమే. కానీ సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉంటూ ఊరి హైస్కూల్లో చదివే పిల్లవాడి కథ పత్రికల్లో అంతగా రాదు. ఎక్కేది వేరే కొండ కాబట్టి కావచ్చు.

మన ప్రాంతానికి చదువు కొత్తది కాదు, చదువు అందరిదీ కావడమే కొత్త. గద్వాల సంస్థానానికి "విద్వద్గద్వాల" అని పేరు. పండితులను, కవులను పిలిచి సన్మానించేవారు. ఈ నేలలోనే, బోరవెల్లిలో, 1896లో సురవరం ప్రతాపరెడ్డి గారు పుట్టారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక" వేశారు. అంటే ఒక సంచిక వేసి లెక్క చూపించి నోరు మూయించడం మన పెద్దలకు తెలిసిన విద్యే. అలాంటి నేలలో 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55.04 శాతం. అప్పటి ఉమ్మడి రాష్ట్రం సగటు 67.02. గద్వాల వైపు నడిగడ్డలో అయితే దాదాపు సగం మందికి చదువు రాదు. సన్మానాలు పొందిన పండితుల చుట్టూ, ఆ కోట గోడలు కట్టిన కూలీల పిల్లలకు పలక అందలేదన్నమాట. ఇప్పుడు గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో 1959లో పాలిటెక్నిక్ మొదలైంది. మన సీనియర్లు ఎంతోమంది అక్కడ చదివారు. తాతలు గేటు దగ్గరే నిలబడిన భవనంలో మనవళ్లు బెంచీల మీద కూర్చుని చదువుకున్నారంటే, మా దృష్టిలో అది ఏ కప్పుకూ తీసిపోదు.

హాస్టల్ అనే ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. పట్నంలో బడి ఉంటుంది, చేరడానికి హక్కూ ఉంటుంది, కానీ ఉండటానికి గది ఎవరు ఇస్తారు? కొల్హాపూర్ రాజు షాహూ మహరాజ్ 1901 నుంచి విద్యార్థుల కోసం వసతి గృహాలు పెట్టించారు. డాక్టర్ అంబేడ్కర్ గారు 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించాక, మొదట చేపట్టిన పనుల్లో ఒకటి 1925 జనవరిలో షోలాపూర్‌లో విద్యార్థులకు హాస్టల్ తెరవడం. దానికి 2025తో నూరేళ్లు నిండాయి. బడి మాత్రమే ఉంటే చాలదని, రాత్రి తల దాచుకునే చోటూ పొద్దున తినే ముద్దా ఉంటేనే బడి పనిచేస్తుందని ఆయనకు అనుభవం మీద తెలుసు.

ఇక ఏడాది సంగతి. జూన్‌లో బడిబాట. సార్లు, మేడమ్‌లు ఊళ్లల్లో తిరిగి పిల్లలను చేర్పిస్తారు. జూన్ 12న బడి తెరుస్తారు. పుస్తకాలు, యూనిఫాం వస్తాయి. 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పటి నుంచి ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు. తమ్ముళ్లకు మా సలహా ఒక్కటే. సిగ్గుపడకుండా రెండు పేజీలూ చదవండి, తెలుగు పేజీలో అర్థం పట్టుకుని ఇంగ్లీషు పేజీలో మాట పట్టుకోండి. మాకు ఆ సౌకర్యం లేదు, డిగ్రీ మొదటి సంవత్సరంలో ఆ లోటు బాగా తెలిసింది.

జూలై, ఆగస్టుల్లో మొదటి ఫార్మేటివ్ పరీక్షలు, పంద్రాగస్టు, మండల స్థాయి ఆటల పోటీలు. ఇన్‌స్పైర్ అవార్డుకు సైన్సు సారు ఆలోచనలు అడుగుతారు. ఎంపికైతే నమూనా తయారీకి 10,000 రూపాయలు ఇస్తారు. పెద్ద యంత్రమే చేయాలని లేదు, ఇంట్లో అమ్మ పడే ఒక ఇబ్బందిని గమనించినా చాలు.

ఇంతవరకు అన్ని జిల్లాల బడులూ ఒకటే. ఆ తర్వాత మన ప్రాంతం దారి వేరవుతుంది.

నడిగడ్డలో వేల ఎకరాల్లో సీడు పత్తి వేస్తారు. ఇది బట్టల మిల్లుకు పోయే పత్తి కాదు, విత్తనం కోసం పండించేది. దేశంలో రైతులు వేసే హైబ్రిడ్ పత్తి గింజల్లో చాలా భాగం ఇలాంటి చేలల్లో చేతులతో తయారైనవే. ఎలాగంటే, సాయంత్రం పూట ఆడ వరసలోని మొగ్గను పట్టుకుని రేకులు, పుప్పొడి భాగం గోటితో జాగ్రత్తగా తీసేయాలి. తెల్లారి మగ వరసలోని పువ్వు తెంపి ఆ మొగ్గకు రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటారు. ఒక్కరోజు ఆగినా ఆ రోజు మొగ్గలు పోయినట్టే. కాబట్టి ఆగస్టు చివర నుంచి దసరా దాటేదాకా, రోజూ పొద్దునా సాయంత్రమూ మనుషులు కావాలి. చెట్టు ఎత్తు పిల్లల ఎత్తే. వేళ్లు సన్నగా ఉంటాయి, వంగనవసరం లేదు, కూలి తక్కువ. ఆడపిల్లలైతే మరీ మంచిదని అంటారు. విత్తనం వేసేటప్పుడే ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు తెచ్చుకున్న ఇల్లు, ఈ రెండు నెలల్లో చేతులు లెక్కపెట్టుకుంటుంది. అందులో హాస్టల్ నుంచి సెలవులకు వచ్చిన పిల్లవాడి చేతులూ లెక్కకు వస్తాయి.

ఇది తల్లిదండ్రుల తప్పని చెప్పడం సులువు. ఇంటి లెక్క తెలిసినవాళ్లం కాబట్టి మేము ఆ మాట అనలేం. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనికి పెట్టుకోవడం చట్టం ఒప్పదు, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టమూ అమల్లో ఉంది. చట్టానికీ అడ్వాన్సుకూ మధ్య నలిగేది పిల్లవాడే. నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఈ కథ వలస రూపంలో ఉండేది. గుంపు మేస్త్రి వెంట అమ్మానాన్న పోతే, పిల్లవాడు కూడా పోవడమో, ముసలవ్వ దగ్గర మిగిలిపోవడమో. జూరాల, భీమా, నెట్టెంపాడు, కల్వకుర్తి నీళ్లు పారిన ఊళ్లల్లో వలస తగ్గింది. నీళ్లొచ్చిన చోట సాగు పెరిగి పనీ పెరిగింది. ఆ పనికి పిల్లల చేతులు అడగకుండా ఉండటం అనేది ఇంకా పూర్తిగా గెలవని పోరాటం.

అందుకే మా లెక్కలో బడి ఏడాదికి అసలు పరీక్ష మార్చిలో కాదు, దసరా సెలవులు అయిపోయిన మొదటి సోమవారం నాడు. బతుకమ్మ పండుగకు హాస్టల్ ఖాళీ అవుతుంది. తిరిగి గేటు తెరిచిన రోజు ఎన్ని పెట్టెలు లోపలికి వచ్చాయో చూడండి. వారం దాటినా రానివారి కోసం మా క్లాస్ సారు, వార్డెన్ సారు ఒకే బైకు మీద ఊళ్లు తిరిగేవారు. "మీ పిల్లగాడు యాడున్నడు పెద్దమ్మా?" అంటే, "చుట్టాలింటికి పోయిండు సార్" అని జవాబు. సారు చేను గట్టు దాకా పోయి పిలుచుకొచ్చిన రోజులున్నాయి. ఆ బైకు పెట్రోలు ఏ ఖాతాలోనూ రాయరు. విజయాల పేజీలోనూ రాదు.

ఇక్కడే హాస్టల్ ఎలా పనిచేస్తుందో అర్థం అవుతుంది. పిల్లవాడు హాస్టల్లో ఉంటే ఇంట్లో ఒక నోరు తగ్గుతుంది, ఖర్చు ఉండదు, చేను గట్టు దూరమవుతుంది. కానీ తిండి బాగుంటేనే పిల్లవాడు నిలబడతాడు. 2015 జనవరి 1 నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం ఇచ్చారు. అంతకు ముందున్న అన్నలను అడిగితే దొడ్డుబియ్యం అన్నం గురించి గంటసేపు చెబుతారు. మెస్ చార్జీలు చాలాకాలం 3 నుంచి 7 తరగతులకు నెలకు 950, 8 నుంచి 10 తరగతులకు 1,100 రూపాయలు ఉండేవి. 2024 చివర్లో వాటిని 1,330కి, 1,540కి పెంచారు. ముప్పై రోజులకు పంచి చూడండి. పెద్ద తరగతుల పిల్లవాడికి రోజుకు 51 రూపాయలు. పెంచక ముందు 37 కూడా లేదు. ఆ 37తో గుడ్డు, కూర, చారు సర్దిన వంటమ్మల తెలివికి కూడా ఒక ప్రశంసాపత్రం ఇవ్వాలని మా అభిప్రాయం.

దసరా గండం దాటితే మిగతా ఏడాది కొంత నిలకడగా సాగుతుంది. ఎనిమిదో తరగతి వాళ్లు ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష వదలొద్దు. పాసై ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ఇది ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే. అలాగే గ్రేడ్ల పద్ధతి ఉన్న రోజుల్లో బాసర ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో, గురుకులం కాని ప్రభుత్వ బడుల్లో చదివినవారికి 0.4 పాయింటు అదనంగా కలిపేవారు. మనది చిన్న బడి అని చిన్నబుచ్చుకునే తమ్ముళ్లకు ఇది గుర్తుచేయాలి. ఆ తర్వాత దారులు కూడా దగ్గరకే వచ్చాయి. 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం, 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్ మెడికల్ కాలేజీలు, 2024లో గద్వాల మెడికల్ కాలేజీ. తెల్లకోటు వేసుకున్నవాళ్లలో మన హాస్టల్ పేరు చెప్పుకునేవాళ్లు ఎంతమంది ఉంటారన్నది మీ చేతుల్లో ఉంది.

ఇప్పుడు ఫలితాల శాతం గురించి ఒక మాట. శాతాన్ని పరీక్ష రాసినవారి మీద కడతారు, బడిలో చేరినవారి మీద కాదు. ఉదాహరణకు ఒక బడిలో ఆరో తరగతిలో 60 మంది చేరారనుకుందాం. పదో తరగతికి వచ్చేసరికి 40 మంది మిగిలి, అందరూ పాసైతే ఫలితం 100 శాతం. బోర్డు మీద అదే రాస్తారు. మిగతా 20 మందిలో కొందరు వేరే బడికి పోయి ఉండొచ్చు, కొందరు చేనుకు, కొందరు మేస్త్రి వెంట, కొందరు ఆడపిల్లలు అత్తగారింటికి. 2020లో కరోనా వల్ల పదో తరగతి పరీక్షలు మధ్యలో ఆగాయి, 2021లో జరగనే లేదు, రెండేళ్లూ అందరూ పాస్. హాస్టళ్లు మూసేశారు, పాఠాలు టీవీలో వచ్చాయి. టీవీ ముందు కూర్చునే తీరిక లేని ఇళ్ల నుంచి వచ్చిన మా తోటివాళ్లు కొందరు ఆ సెలవుల నుంచి ఇంకా తిరిగి రాలేదు. నూరు శాతం వెనుక ఇలాంటివి దాక్కుని ఉంటాయి.

కాబట్టి సంచిక సంపాదక వర్గానికి మా మనవి. విజయాల పేజీలో శాతం పక్కనే ఇంకొక రెండు అంకెలు వేయండి. ఆ బ్యాచ్‌లో ఆరో తరగతిలో హాస్టల్లో చేరినవారు ఎంతమంది, వారిలో పదో తరగతి పరీక్ష రాసినవారు ఎంతమంది. పేర్లు వద్దు, అంకెలు చాలు. వార్డెన్ గారి అడ్మిషన్ రిజిస్టర్, బడి హాజరు పట్టీ పక్కపక్కన పెట్టుకుంటే ఒక ఆదివారం పని. పాత రిజిస్టర్లలో కొన్నింటికి చెదలు పట్టాయి. అందుకని పూర్వ విద్యార్థులు తమ బ్యాచ్‌లో ఆరో తరగతిలో పక్క పక్క పెట్టెలు పెట్టుకున్నవారు ఎవరెవరో, పదిలో ఎవరెవరు మిగిలారో గుర్తున్నంత వరకు ఒక తెల్ల కాగితం మీద రాసి హాస్టల్‌కు పంపండి. లెక్క కట్టే పని మేము చూసుకుంటాం.