రంజాన్ నెలలో గల్ఫ్‌లో మీ మధ్యాహ్న భోజనం ఎక్కడ?

‘‘తిన్నావా నాన్నా?’’

‘‘లేదమ్మా, ఇక్కడ రంజాన్ కదా. ఆఫీసులో ఎవరూ తినరు. సాయంత్రం ఇఫ్తార్‌లో గట్టిగా లాగించేస్తాలే.’’

దుబాయ్, దోహా, కువైట్, రియాద్‌లలో పిల్లలున్న ఇళ్లలో ఏటా ఆ నెల్లాళ్లూ వినిపించే మాటలే ఇవి. అమ్మకు బెంగ. అబ్బాయికి మాత్రం ఇదో లెక్కలోది కాదు. పైగా ‘ఒక పూట మానేస్తే పొట్ట తగ్గుతుంది’ అన్న ధీమా! తీరా పండగ వచ్చేసరికి ప్యాంటు బిగుతవుతుంది. గొంతెండటం, తలనొప్పి, మలబద్ధకం రోజూ ఉండేవే. మధుమేహానికి మాత్రలు వేసుకునేవారైతే ఇంకా పెద్ద చిక్కులోనే పడొచ్చు.

గల్ఫ్‌లో ఉంటున్న మీరు ఒక్కసారి ఆ నెలలో మీ రోజును తలచుకోండి. ఉపవాసం ఉండేవారికి ఒక క్రమం ఉంటుంది. తెల్లవారుజామున లేచి సహరీ తింటారు, నీళ్లు తాగుతారు. సాయంత్రం ఇఫ్తార్‌తో విరమిస్తారు. మీరు సహరీకి లేవరు. పొద్దున కాఫీ తాగి ఆఫీసుకు పరుగెడతారు. అక్కడ నలుగురి ముందు నీళ్ల సీసా ఎత్తడానికి మొహమాటం. మధ్యాహ్నం తిండి ఉండదు. సాయంత్రం ఇఫ్తార్ విందు, రాత్రి పదింటికి ఇంట్లో మళ్లీ అన్నం. ఉపవాసం అనుకోకుండానే ఉపవాసం చేస్తున్నారన్నమాట. అదీ సహరీ లేని ఉపవాసం!

చెప్పేదేమంటే, ఆ ఊరి ఆచారాన్ని గౌరవించడం వేరు, మీ తిండీ నీళ్లూ మానుకోవడం వేరు. రెండోది మిమ్మల్ని ఎవరూ అడగలేదు.

చాటుగా తినొచ్చు, మానక్కర్లేదు

నియమం బహిరంగంగా తినడం, తాగడం, పొగ తాగడం గురించే. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. కువైట్‌లో 1968 నాటి 44వ నంబరు చట్టం ఇప్పటికీ ఉంది. రంజాన్ పగటి వేళ బయట తింటే 100 దినార్ల వరకు జరిమానా, నెల వరకు జైలు పడే అవకాశం ఉంది. దుబాయ్‌లో పద్ధతి కొంత సడలింది. పగలు హోటళ్ల ముందు తెరలు కట్టాలన్న నిబంధనను 2021లో తీసేశారు. అలాగని మెట్రో స్టేషన్‌లోనో, సిగ్నల్ దగ్గర ఆగిన కారులోనో సీసా ఎత్తి తాగడం మర్యాద కాదు. కారు మీదే అయినా అద్దాల్లోంచి అందరికీ కనిపిస్తుంది. నోట్లో చూయింగ్ గమ్ నమలడం కూడా తినడం కిందికే వస్తుందని చాలామంది మనవాళ్లకు తోచదు.

చాలా ఆఫీసుల్లో ముస్లిమేతరుల కోసం ఒక గదినో, ప్యాంట్రీనో కేటాయిస్తారు. నెల మొదలవక ముందే ‘భోజనానికి ఏ గది?’ అని హెచ్ఆర్‌ను అడిగేయండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇస్లాంలోనే జబ్బుపడినవారికి, ప్రయాణంలో ఉన్నవారికి, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, నెలసరిలో ఉన్న స్త్రీలకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి ఆ గదిలో మీ పక్కన ఒక ముస్లిం సహోద్యోగి కూర్చుని తింటూ కనిపించొచ్చు. ఎందుకు తింటున్నారని మాత్రం అడగకండి.

డబ్బాలోకి ఏం కట్టుకోవాలన్నదీ ఆలోచించాల్సిందే. చేపల వేపుడు, వెల్లుల్లి కారం, పోపు ఘుమఘుమలు తలుపు సందుల్లోంచి బయటికి వెళతాయి. పొద్దుటినుంచి చుక్క నీరు ముట్టని మనిషికి ఆ వాసన ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు, ఏకాదశి ఉపవాసాలు మన ఇళ్లలోనూ ఉన్నవే. పెరుగన్నం, ఇడ్లీ, చపాతీలో చుట్టిన కూర, ఉడికించిన గుడ్లు, గుప్పెడు వేరుసెనగలు... ఇలా చల్లగా తినగలిగేవి, వాసన తక్కువ ఉన్నవి పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. మైక్రోవేవ్‌లో వేడి చేయకుండా ఉంటే ఇంకా మేలు.

గదే లేని ఆఫీసైతే? పొద్దున టిఫినును భోజనంలా చేయండి. కాఫీ బిస్కెట్లతో సరిపెట్టకుండా పెసరట్టు, గుడ్లు, పెరుగు లాంటివి కడుపునిండా తిని వెళ్లండి. ఎమిరేట్స్‌లో రంజాన్ నెలంతా ప్రైవేటు ఉద్యోగులకు రోజుకు 2 గంటల పని తగ్గుతుంది. ఉపవాసం ఉన్నా లేకున్నా అందరికీ ఇది వర్తిస్తుంది. కువైట్, ఖతర్‌లలోనూ వారానికి 36 గంటలే. చాలామంది మధ్యాహ్నం మూడు, నాలుగింటికల్లా ఇల్లు చేరతారు. అప్పుడు భోజనం చేయొచ్చు. ఇఫ్తార్ దాకా ఆగి, ఆకలితో అలమటించి మరీ విందుకు వెళ్లాల్సిన పనిలేదు.

ముందు నీళ్ల సంగతి

తిండి ఒక పూట తప్పినా ఆరోగ్యవంతుల శరీరం సర్దుకుంటుంది. నీళ్ల విషయంలో అంత వెసులుబాటు ఉండదు. ఇప్పుడు రంజాన్ ఏటా 10, 11 రోజుల చొప్పున ముందుకు జరుగుతూ చలికాలం వైపు వస్తోంది. 2017, 2018లలో మే, జూన్ ఎండల్లో వచ్చిన నెల ఇదే. ఎండ తగ్గింది కదా అని నీళ్లను తేలిగ్గా తీసుకుంటే పొరపాటే. ఏసీ గదిలో దాహం తెలియదు, శరీరంలోంచి నీరు పోవడం మాత్రం ఆగదు. పైగా గల్ఫ్ ప్రాంతంలో కిడ్నీ రాళ్ల బాధ ఎక్కువ. ఒకసారి రాయి వచ్చిపోయినవారు ఈ నెలలో మరీ జాగ్రత్తగా ఉండాలి.

లెక్కలు గుర్తుంచుకోవడం కష్టమైతే మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపులో ఉంటే పర్వాలేదు. ముదురు పసుపు, తేనె రంగులోకి మారితే నీళ్లు చాలడం లేదని. ఇంట్లోంచి బయల్దేరే ముందు రెండు గ్లాసులు, ఆఫీసులో తలుపు వేసుకునే చోట గంటకోసారి కొంచెం, ఇంటికి రాగానే మళ్లీ రెండు గ్లాసులు. గుండె, కిడ్నీ సమస్యలున్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి.

మాత్రలు వేసుకుని తిండి మానేస్తే

నిజంగా భయపడాల్సింది ఇక్కడ. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు తిన్నా తినకున్నా ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తూనే ఉంటాయి. పొద్దున మాత్ర వేసుకుని, మధ్యాహ్నం ‘అందరూ ఉపవాసం ఉన్నారు కదా’ అని భోజనం మానేస్తే రెండింటి వేళకు రక్తంలో చక్కెర పడిపోవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారికీ ఇదే ముప్పు. చెమటలు, చేతుల వణుకు, గుండెదడ, కళ్లు మసకబారడం, ఉన్నట్టుండి చిరాకు దీని గుర్తులు. వెంటనే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, లేదా గ్లూకోజ్ మాత్రలు నమలాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. ఆ సమయంలో ఎక్కడున్నా, ఎవరి ముందున్నా మొహమాటపడొద్దు. ‘షుగర్ పడిపోయింది’ అని చెబితే ఉపవాసం ఉన్నవాళ్లే పరుగున వెళ్లి పండ్లరసం తెచ్చిస్తారు. డ్రైవింగ్‌లో ఉంటే ముందు బండిని పక్కకు ఆపండి.

డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవారికి, బీపీకి నీటి మాత్రలు వేసుకునేవారికి మూత్రం ఎక్కువగా వెళుతుంది. వాళ్లు నీళ్లు తగ్గిస్తే కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది.

ఇక మీరే రోజా ఉంటున్నారనుకోండి... ముస్లిం కుటుంబం కావచ్చు, స్నేహితులతో పాటు కొన్ని రోజులు ఉందామనుకున్నవారు కావచ్చు. మధుమేహం ఉంటే నెల మొదలవడానికి 6 నుంచి 8 వారాల ముందే డాక్టర్‌ను కలవాలి. మాత్రల వేళలు, మోతాదులు మార్చాల్సి రావచ్చు. సొంతంగా మార్చుకోకూడదు. వేలి నుంచి చుక్క రక్తం తీసి పరీక్షించుకుంటే ఉపవాసం భంగం కాదని మతపెద్దలు ఎక్కువమంది చెబుతారు. అందుకని పరీక్షలు ఆపొద్దు. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ రోజుకు విరమించాల్సిందే.

ఇఫ్తార్‌లో ఆ పది నిమిషాలు

పిలిచిన ఇంటికి వెళ్లకపోవడం బాగుండదు, వెళ్లినచోట అతిగా తినడం ఒంటికి పడదు. నిజానికి ఇఫ్తార్ సంప్రదాయంలోనే దీనికి మందు ఉంది. అజాన్ వినిపించాక ఖర్జూరంతో, నీళ్లతో విరమిస్తారు. ఆ వెంటనే చాలామంది మగ్రిబ్ నమాజుకు లేస్తారు. తిరిగొచ్చాకే అసలు భోజనం. ఆ పది, పదిహేను నిమిషాలు మీరూ ప్లేటు జోలికి వెళ్లకండి. ఖర్జూరాలు, మజ్జిగలాంటి లబన్, మన పప్పుచారును తలపించే కందిపప్పు రంగు సూపు... వీటితో సగం ఆకలి తీరుతుంది. పెద్ద మెజూల్ ఖర్జూరం ఒక్కదాంట్లోనే 60కి పైగా కేలరీలుంటాయి కాబట్టి ఒకటి రెండు చాలు. జోరు తగ్గించాల్సింది సమోసాల్లాంటి సంబూసా, పాకంలో ముంచిన లుకైమాత్, గల్ఫ్ ఇఫ్తార్‌లలో తప్పనిసరైపోయిన తియ్యటి వింటో షర్బత్ దగ్గర.

శాకాహారులైతే పిలిచినప్పుడే ఆ మాట చెప్పేయండి. చివరి నిమిషంలో చెబితే ఆ ఇంటి వాళ్లు నొచ్చుకుంటారు. హరీస్ చూడటానికి గోధుమ జావలా ఉంటుంది కానీ అందులో మాంసం కలిసిపోయి ఉంటుంది. హైదరాబాద్ బార్కస్‌లో హరీస్ రుచి చూసినవారికి, మన హలీం తెలిసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. సూపులోనూ మాంసం ఉడికించిన నీళ్లు పోస్తుంటారు, అడిగి తాగండి. హమ్మస్, ఫత్తూష్, పండ్లు నిశ్చింతగా తినొచ్చు.

‘చాలు’ అనడం ఎలా? అరబ్బుల ఇళ్లలో యాలకుల వాసన వేసే గహ్వా చిన్న కప్పులో పోస్తారు. ఖాళీ కప్పును అలా చాచి ఉంచితే మళ్లీ నింపుతూనే ఉంటారు. కప్పును అటూ ఇటూ చిన్నగా ఊపి ఇస్తే చాలన్నట్టు. ఇది తెలియక నాలుగైదు కప్పులు తాగి, రాత్రంతా నిద్ర పట్టక దొర్లినవాళ్లున్నారు. నిద్ర అనగానే గుర్తొచ్చింది, అర్ధరాత్రి దాటాక సుహూర్ విందులకూ పిలుస్తారు. వారానికి ఒకటి సరే. రోజూ వెళితే బీపీ, షుగర్ రెండూ మొండికేస్తాయి.

నడక ఎప్పుడు?

తగ్గిన ఆ రెండు పని గంటల్లో కాస్త నడకకు ఇవ్వండి. ఉపవాసం లేనివారికి పొద్దున నడకే మంచిది. ఇంట్లోనే నీళ్లు తాగి, సీసా లేకుండా ముప్పావు గంట నడిచి రావచ్చు. రోజా ఉన్నవారు ఇఫ్తార్‌కు ముందు తేలికపాటి నడక, భోజనమైన గంటన్నర, రెండు గంటలకు కాస్త బరువైన వ్యాయామం చేయొచ్చు. అబుదాబి, దోహాల్లో సముద్రం ఒడ్డున కిలోమీటర్ల కొద్దీ పరచుకున్న కార్నిష్ బాటలు రాత్రి పదకొండింటికీ సందడిగానే ఉంటాయి. జిమ్‌ల వేళలు మారతాయి, ముందే కనుక్కోండి. ఇఫ్తార్‌కు ముందు అరగంట మాత్రం రోడ్డు వెంట పరుగులు, సైకిళ్లు వద్దు. అందరూ ఇల్లు చేరాలని బండ్లను తొందరగా తోలే సమయం అది.

భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. పాటలు ఇయర్‌ఫోన్లకే పరిమితం. పార్కులో ఎవరైనా నమాజు చేస్తుంటే వాళ్ల ముందు నుంచి కాకుండా వెనక నుంచి వెళ్లాలి. మహిళలకు ప్రత్యేకంగా జిమ్‌లు ఉంటాయి కాబట్టి అక్కడ ఇబ్బంది తక్కువ. యోగా గురించి చాలామందికి అనుమానం. సౌదీ అరేబియా 2017లోనే యోగాను క్రీడగా గుర్తించింది. అక్కడ యోగాకు బాటలు వేసిన నౌఫ్ మర్వాయికి 2018లో మన ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. కాబట్టి ఆసనాలు హాయిగా వేసుకోండి. మంత్రాలతో చేసే సూర్య నమస్కారాలను మాత్రం అపార్ట్‌మెంట్ జిమ్‌లో కాక ఇంట్లో చేసుకోవడమే నయమని నా ఉద్దేశం.

ఇక్కడి నుంచి పంపేవారికి

2025లో ఎమిరేట్స్, సౌదీల్లో ఈద్, మనకు ఉగాది ఒకే రోజున, మార్చి 30న వచ్చాయి. రెండు పండగలూ ఇలా దగ్గర పడే ఏళ్లలో ఇంటి నుంచి పార్సెళ్లు ఎక్కువగా వెళతాయి. మీరు కట్టే మూటలో గసగసాలు లేకుండా చూడండి. మన వంటింట్లో అవి మసాలా దినుసే కానీ, గల్ఫ్‌లో నల్లమందు మొక్క గింజల కింద లెక్క. ఎమిరేట్స్‌లో వాటిపై నిషేధం ఉంది, పట్టుబడితే కేసవుతుంది. ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిపి ఉంటే అది కూడా పంపొద్దు. మందులదీ ఇదే దారి. కొడీన్ ఉన్న దగ్గు సిరప్‌లు, ట్రమడాల్ నొప్పి మాత్రలు, నిద్రమాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. మిగతా మందులైనా అసలు ప్యాకింగ్‌లోనే ఉంచి, మందు పేరు స్పష్టంగా కనిపించేలా ఇంగ్లిష్‌లో రాయించిన డాక్టర్ చీటీ జత చేయండి. అవి చెకిన్ సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి.